అక్క కంటి అంచు నుంచి

కణ విభజన పాఠాన్ని ఎన్నిసార్లు టైపు చేశానో నాకే గుర్తు లేదు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తులో నాకొక డీటీపీ సెంటర్ ఉండేది. చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లకు మెటీరియల్ తయారు చేయడం మా పని. మెడికల్ ఎంట్రన్స్ పిల్లల బయాలజీ బిట్లు, గ్రూప్స్ రాసేవాళ్ల జనరల్ సైన్సు, డీఎస్సీ వాళ్ల నోట్సు, అన్నింట్లోనూ ఆ పాఠం ఉండేది. లెక్చరర్లు చేత్తో రాసిచ్చేవాళ్లు. నేను కొట్టేవాణ్ని, బొమ్మలు గీసేవాణ్ని, అచ్చుతప్పులు దిద్దేవాణ్ని. ఒక గుండ్రటి కణం, దాని కడుపులో దారపు ముక్కల్లాంటి క్రోమోజోములు, అవి నడుమ వరుసగా నిలబడటం, చెరో వైపుకీ లాగినట్టు విడిపోవడం, చివరికి ఒకటి రెండు కావడం. మౌస్‌తో గీసి దాచుకున్న ఆ బొమ్మలు చాలా పుస్తకాల్లోకి వెళ్లాయి. కింద ఏం రాసి ఉందో అక్షరం అక్షరం తెలుసు. అర్థం మాత్రం పట్టించుకోలేదు. ప్రూఫులు చూసేవాడు వాక్యాన్ని చదవకూడదు, అక్షరాన్ని చూడాలి. అర్థంలో పడ్డాడంటే తప్పు కంటి ముందునుంచే జారిపోతుంది.

మాది సిద్దిపేట వైపు. అమ్మ చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అక్క. నాకంటే ఎంతో పెద్దది కాదు, కానీ అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, బడి ఎగ్గొడితే వీపు మీద వాయించింది. పెళ్లయ్యాక బావతో బోరబండకు వచ్చి, ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఆమె వెనకాలే నేనూ పట్నం వచ్చాను. నా భార్యది తెనాలి. ఇదే సందులో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటూ, ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు కోసం మా దుకాణానికి వచ్చింది. రిపోర్టులో తప్పులున్నాయని నేను దిద్దితే, అడక్కుండా ఎందుకు దిద్దారని గొడవపడింది. అలా మొదలై పెళ్లిదాకా వచ్చింది. మాకొక పాప. ఎల్లారెడ్డిగూడలో రెండు గదుల ఇల్లు. దాన్ని గొప్ప జీవితమని ఎవరూ అనరు గానీ, పొద్దున లేస్తే చేయడానికి పని ఉండేది, ఆ పని నాకు వచ్చు.

మా అంతస్తులో దుకాణాలన్నింటికీ కలిపి ఒకటే బాత్రూం. ఒక వానాకాలం మధ్యాహ్నం అది నిండిపోయి నీళ్లు పోవడం ఆగింది. శుభ్రం చేసే మనిషి రాలేదు. పక్కన జిరాక్సు, బైండింగు దుకాణం నడిపే భాయ్ కిందికి వెళ్లి, కాలువలు తెరిపించే పొడి తెచ్చాడు. తెల్లటి గుళికలు. కాలువ మీది జాలీ ఎత్తి నేనే పోశాను. ఏమీ కాలేదు. బకెట్‌తో నీళ్లు పోశాను. అప్పుడూ ఏమీ కాలేదు. ఏమైందా అని వంగి చూశాను. లోపల్నుంచి ఒక్కసారిగా ఎగదన్నింది.

తడి సున్నం మీద చెయ్యి పెడితే ఎలా కాలుతుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అలా కాల్చే నీళ్లు రెండు కళ్లలోనూ పడ్డాయి. భాయ్ నన్ను జుట్టు పట్టి ఎత్తి, నీళ్ల డ్రమ్ము దగ్గరికి లాక్కెళ్లి మగ్గుతో మొహం మీద కొట్టడం మొదలుపెట్టాడు. కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. "అన్నా, మూస్కోకు. జర తెరువన్నా, తెరువు" అంటూ ఒక చేత్తో రెప్పలు విడదీసి, ఇంకో చేత్తో పోస్తూనే ఉన్నాడు. డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా పోశాడు. తర్వాత నన్ను బండి మీద వెనక కూర్చోబెట్టుకుని, పంజగుట్ట వైపు ఉన్న ఒక కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఆ నీళ్లే లేకపోతే కనుగుడ్లే మిగిలేవి కావని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఆ మాట విని భాయ్ సంతోషపడలేదు. పొడి తెచ్చింది తానేనన్నది అతని మనసులో ఉండిపోయింది. ఎవరూ అనలేదు, నేనైతే అనుకోను కూడా అనుకోలేదు. కానీ ఆ తర్వాత మేమిద్దరం ఆ మధ్యాహ్నం గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మొదటి వారాలు నొప్పి తప్ప ఇంకేమీ గుర్తులేదు. నొప్పి తగ్గాక చూపు వస్తుందని అనుకున్నాను. దెబ్బ తగిలితే పుండవుతుంది, పుండు మానుతుంది, చర్మం వస్తుంది. కన్నూ అంతే అనుకున్నాను. నా కళ్లూ మానాయి. మానడమే నాకు చేటయింది.

డాక్టరమ్మ ఓపికగా విడమరిచి చెప్పింది. నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర ఉంటుంది, దాని పైభాగం రోజూ అరిగి రాలిపోతూనే ఉంటుంది. రాలిన చోట కొత్త కణాలు రావాలి. అవి పుట్టేది నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచులో. అక్కడ మూల కణాలుంటాయి. మూల కణం రెండుగా చీలినప్పుడు ఒకటి తల్లిలాగే అంచున ఉండిపోతుంది. రెండోది నల్లగుడ్డు నడిమికి జరుగుతూ, దారిలో మళ్లీ మళ్లీ చీలుతూ, పల్చబడి, తేటపడి, చూపుకు అడ్డు రాని కణంగా మారుతుంది. కొంతకాలం ఆ పని చేసి రాలిపోతుంది. పుట్టిన రోజు నుంచీ ఇది ఆగకుండా జరుగుతుంది కాబట్టే మనం చూస్తున్నాం. నా రెండు కళ్లలోనూ ఆ అంచు చుట్టూతా కాలిపోయింది. తల్లి కణాలు మిగల్లేదు. ఖాళీ అయిన నల్లగుడ్డు మీదికి పక్కనున్న తెల్లగుడ్డు కణాలు పాకి వచ్చాయి. వాటికి తేటగా ఉండటం రాదు. వాటితోపాటు నెత్తురు నాళాలు వస్తాయి, మందంగా తెల్లటి పొర కడతాయి.

"వాటి తప్పు కాదండీ. ఖాళీ కనిపిస్తే కణాలు వచ్చి నింపుతాయి. ఏ రకంగా తయారయ్యాయో ఆ పనే చేస్తాయి. వేరే పని వాటికి తెలియదు," అంది.

నేను ఏళ్ల తరబడి కొట్టిన వాక్యాలే అవి. విభజన, పెరుగుదల, విభేదనం. విభేదనం అన్న మాటలో "భే" కు ఒత్తు పడిందో లేదో చూసుకుని ముందుకెళ్లేవాణ్ని. ఒక కణం ఒక రకంగా తయారయ్యాక ఇక వెనక్కి పోలేదని, దాని స్థానంలోకి ఇంకో రకం వస్తే మనిషి గుడ్డివాడవుతాడని ఆ మాటలో ఉన్నట్టు నాకు తట్టలేదు.

భాయ్ ఒకరోజు, చనిపోయినవాళ్లు దానమిచ్చిన కళ్లు పెట్టొచ్చు కదా అని అడిగాడు. అద్దం మారిస్తే లాభం లేదని, అంచు లేకపోతే కొత్త అద్దం మీదికీ ఈ పొరే వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఒక కన్ను బాగుంటే దాని అంచులోంచి చిన్న ముక్క తీసి రెండోదాంట్లో పెట్టేవాళ్లట. సొంత కణాలు కాబట్టి ఒళ్లు ఒప్పుకుంటుంది. నాకు ఆ దారి లేదు. ఎడమ కంటి లోపల కూడా బాగా దెబ్బతింది. కుడి కంటికి మాత్రం, వాపు పూర్తిగా తగ్గాక, రక్తసంబంధీకుల కంటి అంచు నుంచి ముక్క తీసి ప్రయత్నించవచ్చంది. కుదురుతుందని హామీ ఇవ్వలేనని కూడా అంది.

వాపు తగ్గడానికి ఏడాదికి పైనే పట్టింది. ఆ ఏడాది నా భార్య దుకాణం నడిపింది. నేను ఇంట్లో ఉన్నాను. వెలుతురు, చీకటి తెలిసేవి. మొహం ముందు చెయ్యి ఊపితే నీడలా కదిలేది. పాప అన్నం తింటున్నప్పుడు ప్లేటు చప్పుడు వింటూ, ఎంత తిన్నదో ఊహించుకునేవాణ్ని. అది మూగగా నవ్వితే నాకు తెలియదని దానికి త్వరగానే అర్థమైంది. నా కోసం పైకి నవ్వడం నేర్చుకుంది.

అక్కను నేను అడగలేదు. నా భార్యా అడగలేదు. జాకెట్లు కుట్టి బతికే మనిషి కంటి మీదికి కత్తి తెమ్మని ఏ నోటితో అడుగుతాం? భాయ్ ద్వారానో ఎలాగో సంగతి తెలుసుకుని, అక్కే ఒక పొద్దున ఆస్పత్రికి వచ్చి కూర్చుంది. బావ వద్దన్నాడట. ఆ విషయం ఆమె చెప్పలేదు, చాలా రోజులకు బావే చెప్పాడు. డాక్టరమ్మ ఆమెకు అంతా వివరించింది. తీసేది బియ్యపు గింజలో సగం కూడా ఉండదని, ఆమె కన్ను కొద్దిరోజుల్లో తిరిగి మానుతుందని, అయినా ఏ ఆపరేషన్‌కైనా కొంత ప్రమాదం ఉంటుందని. అక్క అంతా విని ఒక్కటే అడిగింది.

"సూదిల దారం మల్ల ఎక్కియ్యొస్తదా, మేడం?"

ఎక్కించవచ్చని డాక్టరమ్మ అంది. అక్క సంతకం పెట్టింది. రక్త పరీక్షల్లో మా ఇద్దరికీ సగం కుదిరింది. పూర్తిగా కుదిరితే బాగుండేదని, తోడబుట్టినవాళ్లలో కూడా అందరికీ పూర్తిగా కుదరదని చెప్పారు. నేను అప్పుడు ఆ సగం మాటను మంచి కబురుగానే విన్నాను.

ఆపరేషన్ రోజున మా ఇద్దరినీ పక్కపక్కనే పడుకోబెట్టారు. నాకు స్పృహ ఉంది. కన్ను మొద్దుబారిపోయింది గానీ మాటలు వినిపిస్తున్నాయి. నా కంటి మీది తెల్లపొరను ఒలిచేసి, దాని స్థానంలో ఒక పల్చటి పొర పరిచారు. ఎవరో తల్లి కాన్పు తర్వాత దానమిచ్చిన మాయలోంచి తీసిన పొర అది. దాని మీద కణాలు తొందరగా పెరుగుతాయట. అక్క కంటి అంచు ముక్కను ఇంకా చిన్న చిన్న ముక్కలు చేసి, ఆ పొర మీద గుండ్రంగా అంటించారు. అక్క పక్క మంచం మీదనుంచి, "అయిపోయిందా తమ్మీ" అని అడిగింది. మాట్లాడొద్దని నర్సు మందలించింది.

ఆ ముక్కల్లోంచి కణాలు బయటికి పాకాలి. చీలాలి, పెరగాలి, ఒకదాన్నొకటి తాకాలి, తేటపడాలి. డాక్టరమ్మ ప్రతిసారీ రంగు చుక్క వేసి లైటు కింద చూసేది. ఈ ముక్క పెరుగుతోంది, ఆ ముక్క కాస్త నెమ్మదిగా ఉంది, కింది వైపు ఇంకా ఖాళీ ఉంది అని చెప్పేది. నేను ఇంటికెళ్లి మంచం మీద కదలకుండా పడుకునేవాణ్ని. కదిలితే అవి చెదిరిపోతాయేమోనని భయం. నా ప్రమేయం లేకుండా, అక్క ప్రమేయం కూడా లేకుండా, అవి వాటంతటవే ఒకటి రెండు, రెండు నాలుగు అవుతున్నాయని తలుచుకునేవాణ్ని. దేవుడికి దండం పెట్టేవాణ్ని కాదు ఎప్పుడూ. అప్పుడు పెట్టాను.

చూపు ఒక్కరోజులో రాలేదు. మసక పల్చబడుతూ పల్చబడుతూ వచ్చింది. ఒక ఉదయం ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉండగా, ఎదురుగా గోడ మీద బోర్డు కనిపించింది. "నిశబ్దం పాటించండి" అని ఉంది. శ ఒత్తు లేదు. నేను పెద్దగా నవ్వేశాను. పక్కనున్న నా భార్య కంగారుపడి, "ఏంటండీ, ఏమైంది?" అంది. బోర్డులో తప్పు ఉందన్నాను. ఆమె బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడిస్తే కన్నీళ్లకు ఆ కణాలు కొట్టుకుపోతాయేమోనని అప్పుడు కూడా భయమే.

ఆ శీతాకాలమంతా నేను చూశాను. అందరిలా కాదు. దూరంగా ఉన్నవి అలికినట్టుండేవి, దీపాల చుట్టూ వలయాలు ఉండేవి. అయినా చూశాను. పాపకు ముందుపళ్లు ఊడి ఉన్నాయి. ఆ పళ్లు ఊడుతున్న రోజుల్లో అది నా చేతికిచ్చి చూపించేది గానీ, ఆ నోరు ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. అక్కనూ చూశాను. నాకు గుర్తున్న అక్క జుట్టు నల్లగా ఉండేది. ఈమె పాపిట అంతా తెల్లబడింది. కుడి కంట్లో నల్లగుడ్డు అంచున, ముక్క తీసిన చోట, సన్నటి ఎర్రటి జీర ఉంది. "నొస్తదా?" అని అడిగాను. ఎండలో నీళ్లు కారుతయి, అంతే అంది.

మళ్లీ దుకాణానికి వెళ్లాను. పని సగమైంది. పిల్లలు ఫోన్లలో పీడీఎఫ్‌లు చదువుకుంటున్నారు, అచ్చు మెటీరియల్ కొనేవాళ్లు తగ్గారు. అయినా కుర్చీలో కూర్చుని, స్క్రీను మీద అక్షరాలు పెద్దవి చేసుకుని, మెల్లగా కొట్టాను. ఎవరో లెక్చరరు బయాలజీ నోట్సు మళ్లీ అచ్చుకు ఇచ్చాడు. ఆ పాఠాన్ని ఈసారి అర్థం కోసం చదివాను. చాలా తప్పులు వదిలేశానని తర్వాత అతను ఫిర్యాదు చేశాడు.

అక్క కణాలు నా కంట్లో బతకాలంటే నా ఒళ్లు వాటిని పట్టించుకోకూడదు. నా ఒంట్లోని కాపలా కణాలు పరాయివాటిని గుర్తుపట్టి చంపుతాయి. అందుకే వాటిని మందుబిళ్లలతో జోకొట్టి ఉంచారు. రోజూ వేసుకోవాలి, ఆపకూడదు. నేను ఒక్క పూట కూడా ఆపలేదు. కానీ కాపలా నిద్రపోతే అన్ని తలుపులూ తెరిచినట్టే. ఎండలు ముదిరేటప్పటికి సాయంత్రాలు జ్వరం రావడం మొదలైంది. దగ్గు. ఏం తిన్నా ఒంటికి పట్టలేదు. ప్యాంటు నడుము దగ్గర జారిపోయేది. పరీక్షలు చేస్తే క్షయ అని తేలింది.

కంటి డాక్టరమ్మ, ఊపిరితిత్తుల డాక్టరు ఇద్దరూ మాట్లాడుకున్నారు. తర్వాత ఆమె నన్నూ నా భార్యనూ కూర్చోబెట్టి చెప్పింది. బిళ్లలు ఇలాగే వాడితే క్షయ లొంగదు, ప్రాణం మీదికి వస్తుంది. తగ్గిస్తే కన్ను నిలుస్తుందో లేదో తెలియదు.

"మీరు బతకడం ముందు," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె బల్ల మీద పెన్ను తిప్పుతూ ఉంది. అది నేను చూశాను.

నన్ను ఏమీ అడగలేదు వాళ్లు. అడిగితే ఏం చెప్పేవాణ్నో నాకు తెలియదు. ఇప్పుడు చాలాసార్లు, వాళ్లు అడిగి ఉంటే బిళ్లలు తగ్గించొద్దనే చెప్పేవాణ్ని అనిపిస్తుంది. పాప గుర్తొస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటాను. మళ్లీ కొంతసేపటికి అదే అనిపిస్తుంది.

బిళ్లలు తగ్గించాక కొన్ని వారాలు ఏమీ కాలేదు. ఆ తర్వాత ట్యూబ్‌లైటు చుట్టూ వలయం మందమైంది. కన్ను గరగరలాడింది, వెలుతురు చూస్తే పొడిచినట్టుండేది. నా భార్య ఫోను టార్చి వేసి చూసింది. అంచు మీదనుంచి సన్నటి ఎర్రటి దారాలు లోపలికి వస్తున్నాయంది. గంటగంటకీ చుక్కలు వేశారు. చుక్కల బలం పెంచారు. ఆస్పత్రిలో చేర్చుకున్నారు. నా కాపలా కణాలు మేలుకుని అక్క కణాలను వెతికి పట్టుకుంటున్నాయి. అవి చచ్చిన చోట మళ్లీ ఆ పాత తెల్లగుడ్డు కణాలు, ఎప్పుడూ తొందరపడని ఆ కణాలు, వాటికి చేతనైన పని చేసుకుంటూ నడిమికి వస్తున్నాయి. నీళ్లలో పాలు కలిపినట్టు, రోజుకింత చిక్కబడింది. చివరగా నేను చదివిన మాట ఏదో నాకు గుర్తులేదు. అదే చివరిదని అప్పుడు తెలియదు కదా. మందు సీసా మీద పేరో, పంజగుట్ట చౌరస్తాలో బస్సు బోర్డో అయ్యుంటుంది. ఎంత తలుచుకున్నా రాదు.

పొర పూర్తిగా కమ్మిందని డాక్టరమ్మ చెప్పిన రోజు అక్క కూడా వచ్చింది. బయట టీ కొట్టు దగ్గర బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి, నా చేతికి గ్లాసు అందించింది. ఆటోల హారన్లు, మెట్రో పైనుంచి వెళ్లిన చప్పుడు. అక్క మెల్లగా అంది.

"ఒక్క కడుపుల పుట్టినం కద తమ్మీ. నేను పరాయిదాన్నని నీ ఒంటికి ఎట్ల అనిపిచ్చింది?"

ఆమె నన్ను నిందించడానికి అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. సగమే కుదిరిందని, మిగతా సగం ఒంటికి కొత్త అని డాక్టరమ్మ చెప్పిన లెక్క నాకు తెలుసు. ఆమెకూ చెప్పారు. ఆ లెక్క ఆమె ప్రశ్నకు జవాబు కాదు. నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. నేను టీ తాగుతూ కూర్చున్నాను. గ్లాసు ఖాళీ అయ్యాక ఆమే తీసుకుంది.

క్షయ తగ్గాక, ఇంకోసారి ప్రయత్నించవచ్చని డాక్టరమ్మ అంది. ఈసారి అవకాశం ఇంకా తక్కువని, బిళ్లలు మళ్లీ మొదలుపెడితే క్షయ తిరగబెట్టవచ్చని కూడా దాచకుండా చెప్పింది. అక్క ఆ వారమే ఇంటికి వచ్చింది. తన ఎడమ కన్ను ఉంది కదా, దాంట్లోంచి తీయమని చెప్పింది. నేను వద్దన్నాను. ఆమె బతిమాలింది. నేను వద్దనే అన్నాను. నా భార్య వంటింట్లో పని చేసుకుంటోంది.

"నాది నీకు పడదంటున్నవు, గంతే కద," అంది అక్క.

కాదని చెప్పాను. ఇంకోసారి కోసుకుని, ఇంకోసారి నా ఒళ్లు నీ ముక్కను చంపితే నేను భరించలేనని చెప్పాలనుకున్నాను. వద్దులే అక్కా, పోనియ్యి అన్నాను. ఆమె విన్నది పోనియ్యి అన్న మాటొక్కటే. లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఇప్పటికీ వస్తుంది. పండ్లు తెస్తుంది, పాపకు గౌన్లు కుట్టి తెస్తుంది. నా ఎదురుగా కూర్చోదు. నా భార్యతో మాట్లాడి, పాపతో మాట్లాడి, పోయేముందు నా భుజం మీద చెయ్యి వేసి, పోతున్న అని చెప్పి పోతుంది. ఆమెను నేను దగ్గరికి లాక్కుని ఏదో ఒకటి చెప్పాలి. ప్రతిసారీ అనుకుంటాను. ఆ చెయ్యి భుజం మీద ఉండేది కొద్దిసేపే. నేను మాట కూడగట్టుకునేలోపు తీసేస్తుంది.

దుకాణం తీసేశాం. కంప్యూటర్లు అమ్మేశాం. నా భార్య ఒక కోచింగ్ సెంటర్‌లో రిసెప్షన్‌లో చేరింది. భాయ్ కొడుకు చదువు కోసం టోలీచౌకి వెళ్లిపోయాడు, అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఫికర్ చెయ్యకన్నా" అంటాడు. పొద్దున వాళ్లిద్దరూ వెళ్లాక ఇల్లు నిశ్శబ్దమైపోతుంది. కుక్కర్‌లో అన్నం, గిన్నెలో కూర ఎక్కడున్నాయో తెలుసు. కిటికీ దగ్గర కుర్చీ ఉంది. వెలుతురు ఏ వైపుందో తెలుస్తుంది కాబట్టి మధ్యాహ్నం ఎప్పుడు దాటిందో కనిపెట్టగలను. నాకు ఇప్పుడు చేతనయ్యేది అదొక్కటే.

ఈ నాలుగు మాటలూ ఫోనుకు చెబితే అది రాసింది. ఏం రాసిందో నాకు తెలియదు. సాయంత్రం పాప చదివి వినిపిస్తుంది. కొన్నిచోట్ల నేను అన్నది ఒకటి, అది రాసింది ఇంకొకటి. దిద్దమంటే పాప దిద్దుతుంది గానీ, ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో దానికి ఇంకా సరిగా రాదు. తప్పులుంటే అలాగే ఉండిపోతాయి. ఒకప్పుడు ఒక్క తప్పు మిగిలినా నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పడుతుంది. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

చూపు లేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే చోటు ఒకటి ఉందని నా భార్య ఎవరినో అడిగి తెలుసుకుంది. స్క్రీను మీది అక్షరాలు కంప్యూటరే చదివి వినిపిస్తుందట. మీకు కీబోర్డు చేతికి అలవాటే కదా, తొందరగా వస్తుంది అంది. వెళ్దామన్నాను. సోమవారం అన్నాను. ఆ సోమవారం ఒంట్లో బాగోలేదన్నాను, తర్వాతి సోమవారం ఇంకేదో అన్నాను. కొన్నాళ్లు అడిగింది. మొన్న పాపను బడికి తయారు చేస్తూ, ఆ విషయం మళ్లీ ఎత్తబోయి ఆగిపోయినట్టు నాకు తెలిసింది. ఊపిరి తీసుకుంది. టిఫిన్ డబ్బా మూత పెట్టింది. తలుపు దగ్గరికి వేసి, ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు.